బడికని వెళ్తాడు, బడికి చేరడు

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. రోజూ బ్యాగు తగిలించుకుని బయల్దేరతాడు. వారంలో రెండు రోజులు బడికే వెళ్లడం లేదట. ఏం చేయాలి?
– ఓ తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, దయచేసి కొట్టకండి. ఏ రోజుల్లో ఎగ్గొడుతున్నాడో హాజరుపట్టీలో చూడండి. చాలాసార్లు అది లెక్కల స్లిప్ టెస్ట్ రోజే అవుతుంది. ఏడులో భిన్నాలు పట్టుబడని పిల్లాడికి తొమ్మిదిలో బహుపదులు కొరుకుడు పడవు. అందరి ముందూ బోర్డు దగ్గర నిలబడాలంటే వాడికి వణుకు. ఆ వణుకునే మనం బద్ధకం అంటాం. వాడి లెక్కల నోట్సు తెరవండి. తేదీ వేసి, రెండు వరుసలు రాసి వదిలేసిన లెక్కలు కనిపిస్తే కారణం దొరికినట్టే. ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కూడా మెల్లగా అడగండి. మాస్టారితో మాట్లాడి, రోజూ అరగంట భిన్నాల నుంచే మొదలుపెట్టించండి. పదో తరగతి పరీక్షలకు ఇంకా ఏడాది పైనే ఉంది. ఈ వారమే బడికి వెళ్లి రండి.