పరిశోధనకు పోతున్న మేనకోడలికి

రుద్రూర్

బిడ్డా,

పిల్లల డాక్టర్‌గా ఎం.డి. అయినంక హెచ్ఐవీ మీద పరిశోధన చేస్తనని ఫోన్‌లో చెప్పినవు. మీ అమ్మ భయపడ్డది, నాకు మాత్రం సంతోషమైంది. చదువు నీదే పెద్దది. ల్యాబ్ టెక్నీషియన్‌గా నా చేతుల మీదుగా నడిచిందే రాస్తున్న.

హెచ్ఐవీ ఉన్న తల్లికి పుట్టిన ఆరు వారాల పసిగుడ్డు మడమ గుచ్చి, రక్తంతో పరీక్ష కార్డు మీది అయిదు వలయాలు నింపాలె. రక్తం కాగితం వెనకదాకా ఇంకాలె, చుక్క మీద చుక్క పడొద్దు, ఎండ తగలకుండా ఆరాలె. తల్లి యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో 18 నెలల దాకా ఉండొచ్చు కాబట్టి మామూలు పరీక్షను అప్పుడు నమ్మలేం, వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్షే దిక్కు. ఈ పరీక్ష మన ప్రభుత్వ కార్యక్రమంలోకి 2010లో వచ్చింది. అంతకుముందు చాలామంది తల్లులకు ఎదురుచూడటమే మిగిలింది. మందు లేకపోతే వైరస్ సోకిన పిల్లల్లో దాదాపు సగం మంది రెండేళ్లు నిండకముందే పోతరు. లక్షణాలు ముదిరేదాకా ఆగకుండా వెంటనే మందు మొదలుపెడితే చావులు 76 శాతం తగ్గుతయని దక్షిణాఫ్రికాలో జరిగిన ‘చెర్’ అధ్యయనం 2008లో చూపింది. అందుకే నీ మొదటి ప్రశ్న ఇది కావాలని నా కోరిక: ఆ కార్డు ఫలితం తల్లికి ఎన్ని రోజులకు అందుతున్నది? ఎక్కడ ఆగుతున్నది?

మన ఊరి వరి, చెరకు పరిశోధన కేంద్రంలో ఎంత మంచి వంగడం తీసినా రైతు నారు పోసేదాకా అది కాగితం మీదనే. మందూ అంతే. పిల్లల హెచ్ఐవీ మందు లోపినావిర్ సిరప్ పరమ చేదు, పైగా చల్లగా దాచాలె. పిల్లలు ఉమ్మేస్తే ఆ తల్లి ఏం చేస్తది? నీళ్లలో కరిగే, స్ట్రాబెర్రీ రుచి ఉన్న 10 మిల్లీగ్రాముల డోల్యుటెగ్రావిర్ బిళ్ల ఒక బిడ్డకు ఏడాదికి 40 డాలర్లలోపే ఇచ్చే ఒప్పందం 2020లో కుదిరింది. దాన్ని తయారుచేసే వాటిల్లో ముంబై కంపెనీ మ్యాక్లియోడ్స్ ఒకటి. రుచి గురించి ఆలోచించినోళ్లను నేను గొప్ప శాస్త్రవేత్తలంట.

ఇంకో మాట, ఇది గట్టిగ చెప్తున్న. ఏజడ్‌టీ అనే హెచ్ఐవీ మందుతో తల్లి నుంచి బిడ్డకు సోకడం 25.5 శాతం నుంచి 8.3కి తగ్గుతదని 1994లోనే తేలింది. ఆ తర్వాత కూడా ఆఫ్రికా, ఆసియా దేశాల ప్రయోగాల్లో కొందరు గర్భిణులకు మందు లేని ఉత్త బిళ్లలిచ్చిండ్రు. ఖరీదైన పూర్తి కోర్సు అక్కడ సాధ్యం కాదు, చిన్న కోర్సు పనిచేస్తదో లేదో చూడాలని వాదించిండ్రు. 1997లో దీని మీద పెద్ద దుమారమే లేచింది. ఆ వాదన నేను ఒప్పుకోను. పనిచేసే మందు ఉన్నదని తెలిసీ తల్లికి ఉత్త బిళ్ల ఇయ్యొద్దు. ఏ ప్రయోగంల చేరినా, అది ముగిసినంక ఆ ఊరికి మందు దొరుకుతదా అని ముందే అడుగు. జవాబు రాకపోతే సంతకం పెట్టకు.

విదేశాలకు దరఖాస్తు పెట్టే ముందు బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రికి పోయి రా. పల్లెటూరి హెచ్ఐవీ రోగుల రికార్డుల నుంచే అక్కడోళ్లు అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలు రాసిండ్రు. హైదరాబాద్ నిలోఫర్ పిల్లల ఆసుపత్రిలోనూ కొన్నాళ్లు తల్లుల పక్కన కూసో. మీ అమ్మకు నేను నచ్చజెప్త.

మీ మామ