లాలాజలంలో ఒత్తిడి జాడ

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ సమీపంలో తీరం దాటింది. గంజాం జిల్లాలో కూలిన ఇళ్లను లెక్కించగలిగారు. ఆ గాలిహోరు విన్నవారిలో మిగిలిన భయాన్ని లెక్కించడం అంత సులభం కాదు. 1999 మహాతుపాను తరువాత ఒడిశా పిల్లలపై జరిగిన అధ్యయనాలు వారిని ప్రశ్నించి, జవాబులను నమోదు చేశాయి. అయితే అడిగినంత మాత్రాన అందరూ మనసు విప్పరు. మనోవైద్య పరిశోధకులు లాలాజలాన్ని కూడా పరీక్షించడానికి ఇదొక కారణం.

భయపడితే నోట తడి ఆరిపోతుందని మనవారికి ఏనాటి నుంచో తెలుసు. ఆ తడిలోనే కార్టిసాల్ అనే హార్మోను ఉంటుంది. మెదడు ఆపదను పసిగట్టగానే పీయూష గ్రంథి ద్వారా మూత్రపిండాలపై ఉన్న అధివృక్క గ్రంథులకు సంకేతం అందుతుంది; అవి కార్టిసాల్‌ను రక్తంలోకి విడుదల చేస్తాయి. అందులో అధికభాగం ప్రోటీన్లకు అంటుకొని ఉంటుంది. విడిగా మిగిలిన స్వల్పభాగమే కణాలపై పనిచేస్తుంది. లాలాజలంలోకి చేరేదీ అదే. పైగా సూదిని చూస్తేనే కొందరికి ఒత్తిడి పెరుగుతుంది. దూదిచుట్టను కొద్దిసేపు నమలడానికి ఆ బెదురు లేదు. ఇంట్లోనే రోజుకు నాలుగైదు సార్లు నమూనా తీయవచ్చు.

అన్నిసార్లు తీయక తప్పదు. కార్టిసాల్ నిద్రలేచిన అరగంట, ముప్పావుగంటలో గరిష్ఠ స్థాయికి చేరి, క్రమంగా తగ్గి, అర్ధరాత్రి వేళకు అడుగంటుతుంది. ఈ హెచ్చుతగ్గులు తెలియనిదే ఒక్క నమూనాలోని అంకెకు అర్థం లేదు. సూరత్ మరమగ్గాలపై రాత్రి షిఫ్టు చేసే గంజాం కార్మికుని విషయంలో గడియారంతోపాటు అతడు లేచిన వేళనూ రాసుకోవాలి. నమూనాకు ముందు అరగంట భోజనం, టీ, పాన్, పొగాకు కూడదు. చిగుళ్ల నుంచి కారిన రక్తపు చుక్క సైతం లెక్క తప్పిస్తుంది. స్టెరాయిడ్ మందులు వాడుతున్నా, గర్భవతి అయినా ముందే చెప్పాలి.

ఇంత చేసినా ఈ పరీక్ష ఎవరికీ మానసిక వ్యాధిని నిర్ధారించదు. తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారిలో కొందరికి కార్టిసాల్ ఎక్కువగా కనిపించింది. విపత్తుల వంటి ఘటనల తరువాత మానసిక ఆఘాతంతో బాధపడేవారిలో పలు అధ్యయనాలు తక్కువ స్థాయిని చూశాయి, మరికొన్నింటికి ఆ తేడా కనిపించలేదు. కనుక ఉమ్మి పరీక్షతో డిప్రెషన్ తేలుస్తామని ఎవరైనా రుసుము అడిగితే చెల్లించనక్కరలేదు. పరిశోధనకు నమూనా కోరితే, అంగీకార పత్రాన్ని తెలిసిన భాషలో చదివించుకొన్న తరువాతే సంతకం చేయాలి. మధ్యలో మానుకొనే హక్కు ఉంటుంది. నిద్రపట్టనివారు, గాలి వీచినప్పుడల్లా గుండెదడతో బాధపడేవారు బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి మనోవైద్య విభాగాన్ని సంప్రదించవచ్చు. లేదా 14416 నంబరుపై టెలి మానస్ సలహాదారులతో తెలుగులోనే మాట్లాడవచ్చు.