లోన గుడ్డ ఒగ్గినావా?

విజయనగరం,
కార్తీక పౌర్ణమి

చిరంజీవి చిన్నికి అమ్మమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందిన రోజే మీ పిన్ని ఫోనూ వచ్చింది. చిన్ని రాత్రిళ్లు నిద్రపోవడం లేదట, అన్నం వేళకు ఆ గౌను బొమ్మ ముందు పెట్టుకుని కూర్చుంటోందట, దాచుకున్న డబ్బంతా పెట్టి అలాంటి గౌనుకు జరీ బట్ట కొని ఈ ఆదివారమే కత్తిరిస్తుందట. గౌను కుట్టొద్దని ఈ ఇంట్లో ఎవరూ అనరు. అమ్మమ్మ దిగులంతా ఆ ఆదివారం గురించే.

నువ్వు పంపిన బొమ్మను అమ్మమ్మ భూతద్దం పెట్టి రెండు పూటలు చూసింది. ఫ్లారెన్సును ఏలిన కోసిమో మెదిచీ భార్య ఎలియొనోరా, పక్కన చిన్న కొడుకు. 1545 ప్రాంతంలో బ్రోంజినో వేసిన చిత్రం. తెల్లని పట్టు మీద నల్ల మఖమలు తీగలు, రొమ్ము నడుమ బంగారు దానిమ్మ, భుజాల మీద ముత్యాలు గుచ్చిన వల. చేతుల చీలికల్లోంచి లోపలి తెల్ల చొక్కా ఉబ్బి బయటికి వస్తుంది. ఎంత అందం! పిల్ల మనసు పారేసుకుందంటే తప్పేముంది?

కానీ బొమ్మ చూసి కొలతలు తీయకూడదు. ఆ చిత్రకారుడు తయారైన గౌను చూసి కాక బట్ట నమూనా చూసి వేసి ఉంటాడని కొందరు పండితుల మాట. ఎలియొనోరాను ఆ గౌనులోనే పాతిపెట్టారని చాలాకాలం అనుకున్నారు. ఆవిడ 1562లో మలేరియాతో పోయింది. 1857లో సమాధి తెరిస్తే దొరికింది వేరే గౌను. శిథిలమైన ఆ ముక్కల్ని ఏళ్ల తరబడి శ్రమపడి బాగుచేసి ఫ్లారెన్సులోనే పిట్టీ భవనంలో ఉంచారు. జానెట్ ఆర్నాల్డ్ అనే ఆవిడ దాన్ని కొలిచి, ఏ ముక్క ఎలా కత్తిరించారో 1985లో వచ్చిన తన పుస్తకంలో గీసి చూపింది. చిన్ని ముందు ఆ పుస్తకం సంపాదించాలి. బట్ట కొట్టు సంగతి తర్వాత.

ఇక అసలు మాట, లోన గుడ్డ, అంటే కుట్టు లోపల మిగిల్చే అదనపు బట్ట. ఎలియొనోరాకు 1539లో పెళ్లయింది, ఆ తర్వాత 11 మంది పిల్లలు. అలాంటి నడుముకు ఒకే కొలత ఎన్నాళ్లు సరిపోతుంది? ఆ కాలపు గౌన్ల పైభాగాన్ని తాళ్లతో బిగించేవారు, కావాలంటే వదులు చేసుకోవచ్చు. చేతులు కూడా విడిగా కుట్టి ముడులతో కట్టేవారు. పెద్ద దొరసానుల బట్టలోనే అంత జాగ్రత్త ఉంటే మనకెంత ఉండాలి? నడుముకు రెండు పక్కలా రెండేసి అంగుళాలు, చంకల దగ్గర అంగుళం, అడుగు అంచుకు నాలుగు. తగ్గించకు. అర అంగుళం చాలని ఎవరు చెప్పినా వినకు.

అమ్మమ్మకు పద్దెనిమిదేళ్లప్పుడు వీధిలో బొబ్బిలి యుద్ధం నాటకం వేశారు. రాణి మల్లమ్మదేవి వేషానికి రవిక కుట్టే పని తన మీద పడింది. 1964లో వచ్చిన అదే పేరు సినిమాలో ఆ వేషం కట్టిన భానుమతిని చూసిన కళ్లు, అంతకు తక్కువ కుట్టనంది మనసు. ఉన్న పట్టు ముక్కలో పువ్వు ఎక్కడా తెగకూడదని లోపల ఏమీ వదలకుండా కత్తిరించేసింది. తెర లేచేందుకు గంట ఉందనగా చంకలో పర్రుమని చిరిగింది. విప్పి కుట్టడానికి లోన గుడ్డ ఏది? తువ్వాలు ముక్క అతికి, పైన కొంగు కప్పి పంపారు. మీ తాతమ్మ వెనక నిలబడి అడిగింది: "ఏటే గుంటా, లోన గుడ్డ ఒగ్గనేదేటే?" అమ్మమ్మ ఆ రాత్రి నాటకం చూడలేదు, ఏడుస్తూ పడుకుంది. చిన్నికి ఆ రాత్రి రాకూడదు.

అన్నట్టు, చిమ్మిలి చేసి పంపుతోంది అమ్మమ్మ. రాత్రిళ్లు మెలకువగా ఉంటే అదైనా తిను.

రాణుల వేషానికి ఇటలీ దాకా ఎందుకు, మన దగ్గర లేరా అని మీ తాతయ్య అడిగారు. ఎలియొనోరా పుట్టడానికి ఆరేళ్ల ముందు, 1516లో, కృష్ణదేవరాయలు సింహాచలం వచ్చి అప్పన్న స్వామికి ముత్యాల హారం ఇచ్చాడు. ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి ఇప్పటికీ తిరుమల గుడిలో విగ్రహాలై నిలబడి ఉన్నారు. వాళ్ల చీర మడతలూ చూడదగ్గవే. అయినా చిన్నికి నచ్చింది గౌను, గౌనే కుట్టనీ.

ఒక్కటి మాత్రం మన ఊళ్లది ఉండాలి. చేతుల్లోంచి ఉబ్బే ఆ తెల్ల చొక్కా అక్కడ సన్నని నార బట్టతో కుట్టేవారు. ఇక్కడ దానికి పొందూరు ఖద్దరు చాలు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, ఏకుల్ని ఎండిన అరటి బోదెలో దాచి, ఒంటి కదురు రాట్నం మీద వందో నంబరు నూలు వడికే ఆడవాళ్లు అక్కడున్నారు. ఆ నేర్పు చూసి రమ్మని గాంధీజీ తన కొడుకు దేవదాసును పంపారంటే ఆ చేతుల విలువ తెలుసుకో. వాళ్లు రోజంతా కూర్చుంటే వచ్చే నూలు పిసరంత. అలాంటి బట్టను నానబెట్టి ఆరబెట్టకుండా కత్తెర పెట్టకూడదు, నీళ్లు తగిలితే ముడుచుకుపోతుంది. అందుకూ లోన గుడ్డ కావాలి.

ఈ ఆదివారం జరీ బట్ట బీరువాలోనే ఉండనీ. ముందు చవక కోరా గుడ్డతో గౌను మొత్తం కచ్చా కుట్టు వేసి, తొడుక్కుని కూర్చుని, చేతులెత్తి చూడు. సంక్రాంతి సెలవులకు రా. విజయనగరంలో పొద్దున్నే రైలెక్కి అమ్మమ్మా చిన్నీ పొందూరులో దిగుదాం. చొక్కా గుడ్డ అక్కడ కొందాం, జరీ బట్టకు కత్తెర ఇక్కడ ఈ అరుగు మీద వేద్దాం. కొలతలు రాసిన కాగితం మర్చిపోకుండా తెచ్చుకో.

దీవెనలతో
అమ్మమ్మ