ఆర్కేడ్ ప్యానెల్‌పై బొమ్మ: ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

టెక్ ఫెస్ట్ కోసం మేం కడుతున్న ఆర్కేడ్ గేమ్ పెట్టెకి కంట్రోల్ ప్యానెల్ బొమ్మ నా వంతు వచ్చింది. జాయ్‌స్టిక్, బటన్లు బిగించే పలక మీద అంటించే స్టిక్కర్ అన్నమాట. ఇది అందంగా ఉంటే చాలదు, కొలత కుదరాలి. జపాన్ తరహా పెద్ద బటన్‌కి 30 మి.మీ. రంధ్రం కావాలి. దాని చుట్టూ వేసిన వలయం 2 మి.మీ. జరిగినా ప్రింటు డబ్బులు వృథా.

అందుకే నేను ఇంక్‌స్కేప్ ఎంచుకున్నా. ఉచితం, పైగా వెక్టర్. అంటే గీతల్ని లెక్కల రూపంలో దాస్తుంది, ఎంత పెంచినా మసకబారవు. కొలతలు నేరుగా మిల్లీమీటర్లలోనే ఇవ్వొచ్చు. గింప్, క్రిటా ప్రధానంగా పిక్సెళ్లతో నడుస్తాయి. 24 అంగుళాల ప్యానెల్‌ని అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున వేస్తే వెడల్పే 7200 పిక్సెళ్లు. లేయర్లు పెరిగేకొద్దీ ల్యాప్‌టాప్ నెమ్మదిస్తుంది. రంగులద్దిన బొమ్మ కావాలంటే మాత్రం క్రిటాలో వేసి, ఇంక్‌స్కేప్‌లోకి తెచ్చి, వలయాలూ అక్షరాలూ పైన పెట్టుకోండి.

తెలుగులో పేరు రాస్తే ఇంకో జాగ్రత్త. ప్రింటు షాపులో మన ఫాంటు లేకపోతే ఒత్తులు చెదిరిపోవచ్చు. అక్షరాల్ని పాత్‌గా మార్చాకే పీడీఎఫ్ ఇవ్వండి. స్టిక్కర్‌కి ముందు మామూలు కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీసి, పలక మీద పరిచి, రంధ్రాలన్నీ కలుస్తున్నాయో లేదో చూసుకోండి.