బీడు నేల – పచ్చిక బయలు : ఒక పరిశీలన

మన కళాశాల ముఖద్వారమునకు కుడివైపున, ఆటస్థలమునకును ప్రహరీగోడకును నడుమ సుమారు ఒక ఎకరము బీడు కలదు. ఎర్రని గరపనేల, అచ్చటచ్చట రాతిగుండ్లు, తంగేడు, రేగు, సీతాఫలపు పొదలు. వానకాలమున మోకాలెత్తు గడ్డి పెరుగును. వేసవి వచ్చుసరికి అది ఎండి గోధుమవన్నె దాల్చును. ఆ బీడును చదును చేసి, పచ్చిక పరచి, మన ఉర్దూ మిత్రులు ముచ్చటగా పిలుచు 'చమన్'గా తీర్చవలెనను ఆలోచన కొంతకాలముగా వినవచ్చుచున్నది. ఆలోచన సదుద్దేశముతో కూడినదే. కాని గత వేసవిలో పరీక్షల దినములలోనే మన గొట్టపుబావి అడుగంటినది. విద్యార్థులు ఇంటినుండి సీసాలతో నీరు తెచ్చుకొనిరి. ఈ రెండు విషయములను పక్కపక్కన పెట్టి చూచినప్పుడు మాకు కలిగిన సందేహమే ఈ వ్యాసమునకు మూలము.

ఒక నేలను అందముగా ఉంచుటకు ఎంత నీరు, ఎంత ఎరువు, ఎంత మందు కావలెను? అందులో తగ్గించుకొనదగినది ఎంత? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు మేము గోల్ఫు మైదానముల వరకు పోవలసివచ్చినది. పచ్చికను పెంచుటయే వృత్తిగా గలవారు ఆ మైదానముల నిర్వాహకులు. వారిలో వివేకవంతులు చేయుచున్న పని మనకు పాఠము కాగలదు.

హీత్ భూములు

ఇంగ్లండు దేశపు దక్షిణ భాగమున 'హీత్' అను ఒక విధమైన బీడు భూములు గలవు. ఇసుకపాలు ఎక్కువ, సారము తక్కువ, కొంచెము ఆమ్లగుణముగల నేల అది. అందు హెదర్ అను పొట్టిపొద విస్తారముగా పెరిగి, వేసవి చివర ఊదారంగు పూలు పూయును. ఈ భూములు ప్రకృతి ఒక్కటే సృష్టించినవి కావు. వేల ఏండ్ల క్రిందట మానవుడు అడవిని నరికి పశువులను మేపుటవలన అవి ఏర్పడినవి. మేపుట, కోయుట, అప్పుడప్పుడు తగులబెట్టుట ఆగినచో, కొద్దికాలమునకే బర్చి, పైను చెట్లు మొలిచి హీత్‌ను కప్పివేయును. 1800 నుండి నేటి వరకు ఇంగ్లండులోని పల్లపు హీత్ భూములలో నూటికి ఎనుబది పాళ్లకు పైగా అంతరించినవి. కొంత సేద్యమునకు, కొంత ఇండ్లకు, కొంత అడవుల పెంపకమునకు పోయినది.

ఇట్టి భూములలో 1901లో సన్నింగ్‌డేల్, 1904లో వాల్టన్ హీత్ మొదలైన గోల్ఫు మైదానములు వెలసినవి. ఆట కొరకు కేటాయించుటచే ఆ భూములు కట్టడముల పాలు కాకుండ మిగిలినవి. కాని ఆటగాండ్ర ముచ్చట కొరకు ఎరువులు, నీరు అధికముగా వాడినచో అదే ఆట హీత్‌కు శత్రువగును. ఎందుకనగా, సారహీనమైన నేలయే హెదర్‌కు బలము. నేలకు నత్రజని అందినంతనే ముతకగడ్డి విజృంభించి హెదర్‌ను అణచివేయును. కావున నేటి నిర్వాహకులు ఎరువును తగ్గించి, తక్కువ సారముతో బ్రతుకు సన్నని గడ్డిజాతులను పెంచి, అనవసరముగా మొలచిన చెట్లను తొలగించి, కొన్నిచోట్ల గొఱ్ఱెలను, పశువులను మేపుచున్నారు. నేలపైనే గ్రుడ్లు పెట్టు నైట్‌జార్ పక్షికి, ఇసుకబల్లికి అట్టి తావులు ఆశ్రయములు.

ఇందు గ్రహింపదగిన సూత్రము ఒక్కటి: నేల స్వభావము నెరిగి, దానికి సరిపోవు మొక్కలను ఉంచుకొన్నచో వ్యయమును తగ్గును, జీవజాలమును నిలుచును.

నీటి లెక్క

పదునెనిమిది గుంటల గోల్ఫు మైదానమునకు సాధారణముగా 50 నుండి 60 హెక్టార్ల భూమి కావలెను. ఇందు బంతి పడవలసిన గుంటచుట్టు ఉండు నున్నని పచ్చిక, అనగా 'గ్రీన్'లు, అన్నియు కలిపి సుమారు ఒక హెక్టారు మాత్రమే. బంతి సాగిపోవు దారి 'ఫెయిర్‌వే'. దానికి ఇరుప్రక్కల సహజముగా వదలిన నేల 'రఫ్'.

ఇప్పుడు లెక్క చూతము. ఒక హెక్టారుపై ఒక మిల్లీమీటరు నీరు నిలిపిన అది 10,000 లీటర్లగును. మన ప్రాంతమున ఏప్రిల్, మే నెలలలో పచ్చిక పచ్చగా నిలువవలెనన్న దినమునకు 5 మిల్లీమీటర్లైనను అవసరము. అనగా హెక్టారునకు 50,000 లీటర్లు. మనిషికి దినమునకు 100 లీటర్ల చొప్పున ఇది ఐదువందల మంది అవసరము. గ్రీన్‌లను మాత్రమే తడిపినచో 50,000 లీటర్లతో తీరు పని, 50 హెక్టార్లను తడిపినచో 25 లక్షల లీటర్లగును. కావున నీటిని ఎచ్చట వాడవలెను, ఎచ్చట వాడరాదు అను విచక్షణయే నిర్వహణలో సగము.

వెచ్చని దేశముల గోల్ఫు మైదానములలో ప్రధానమైన బెర్ముడా గడ్డి మనకు క్రొత్తది కాదు. అది మన గరికయే. దానినుండి తీసిన సంకరజాతులను మైదానములలో నాటుచున్నారు. గరిక వేసవిలో వాడిపోయినను వేరు చావదు. తొలకరికి మరల చిగుర్చును. వాడిన గరికను చూచి చచ్చినదని భ్రమించి నీరు పోయుట మన అజ్ఞానము.

మన దక్కను బీడు

ఇంగ్లండులో హీత్ ఎట్టిదో, తెలంగాణములో రాతిగుండ్ల నడుమ పొదలు, గడ్డి కలిసిన బీడు అట్టిది. హైదరాబాదు రాజ్యపు భూమి లెక్కలలో పశువుల మేతకు విడిచిన నేలను 'బంచరాయి' అనిరి. కంచె వేసి గడ్డి కాచిన నేలను 'కంచ' అనిరి. ఈ పేర్లను బట్టి మన పూర్వులు బీడును ఒక ఆస్తిగా ఎంచి కాపాడిరని తెలియుచున్నది. తరువాతి కాలమున ఈ నేలలన్నిటికిని 'బంజరు' అను ఒక్క పేరు స్థిరపడినది. బంజరన్న మాటతో పాటు, దీనిని ఏమి చేసినను నష్టము లేదను భావమును పాదుకొన్నది.

ఈ భావమునకు రెండు ఉదాహరణములు. అప్పటి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు గడ్డిభూములను 1988లో బట్టమేకపిట్ట రక్షణకై అభయారణ్యముగా ప్రకటించిరి. చుట్టునున్న బీళ్లు క్రమముగా నీటిపారుదల సేద్యమునకు మారుటచే ఆ పక్షి తిరుగు తావు కుంచించుకొనిపోయి, నేడు అది అచ్చట దాదాపు కానరాదు. ఇక మనకు సమీపముననే, 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ప్రక్కనున్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరముల నేలపై చెట్లు కొట్టివేయుట ఆరంభమైనప్పుడు, ఏప్రిల్ నెలలో సుప్రీంకోర్టు కలుగజేసికొని ఆ పనిని ఆపినది. అది అడవియా, బంజరా అను వాదము దేశమంతయు వినినది. ఆ నేల పేరులోని 'కంచ' అను మాటకు అర్థమేమని ఆలోచించినవారు కొద్దిమంది.

మన బీడుకును శత్రువులు లేకపోలేదు. సర్కారుతుమ్మ 1877లో కడప ప్రాంతమున విత్తబడి, క్రమముగా బీళ్లన్నిటిని ఆక్రమించినది. వయ్యారిభామ 1950 దశకమున పూనా వద్ద కనబడి, పిమ్మట దేశమంతట వ్యాపించినది. దీని పుప్పొడి పలువురికి చర్మవ్యాధిని, ఉబ్బసమును కలిగించును. ఇంగ్లండు హీత్‌లో బర్చి చెట్టు చేయు పనిని మన బీడులో ఈ రెండును చేయుచున్నవి.

గోలకొండ చూపు దారి

గోలకొండ కోటకు చేరి 'నయా ఖిల్లా' కలదు. 1656లో మొగలుల ముట్టడి జరిగిన పిమ్మట అబ్దుల్లా కుతుబ్ షా కాలమున ఆ భాగమును కోటలో చేర్చిరి. నేడు దాని ఆవరణలోనే గోల్ఫు మైదానము కలదు. 'హథియాన్ కా ఝాడ్' అని ప్రసిద్ధిగాంచిన ఆఫ్రికా జాతి మహావృక్షమును అచ్చటనే చూడవచ్చును. 2014లో పురావస్తు శాఖవారు అచ్చట త్రవ్వగా కుతుబ్‌షాహీల నాటి ఉద్యానవనపు నీటి కాలువలు, మట్టి గొట్టములు బయల్పడినవి. ప్రక్కన చెరువు, దానినుండి కొలతగా వచ్చు నీరు, ఆ నీటికి తగిన తోట: ఇది ఆ నాటి ఏర్పాటు. వారు నీటిని చూచి తోటను వేసిరి. తోటను వేసి నీటికై వెదకలేదు. ఒకే ఆవరణలో పురాతన ఉద్యానము, ఆధునిక క్రీడాస్థలము, చెరువు ఉన్నప్పుడు ఒకదాని కొరకు మరియొకటి చెడకుండ చూచుట అచ్చటి నిర్వహణకు నిత్యపరీక్ష.

పటాన్‌చెరు నేర్పిన పాఠములు

మన పటాన్‌చెరు ప్రాంతము ఒకే దశకములో రెండు విద్యలను నేర్చినది. 1970 దశకమున ఇచ్చట పారిశ్రామికవాడ వెలసినది. ఉపాధి కలిగినది, మనలో పలువురి తండ్రులు ఆ కర్మాగారముల జీతముతోనే మనలను చదివించుచున్నారు. కాని వ్యర్థజలములు నక్కవాగున కలిసి, మంజీర దిక్కుగా ప్రవహించి, చెరువులను, బావులను చెరచినవి. 1990లో ఈ విషయము సుప్రీంకోర్టుకు చేరినది. ఆ న్యాయస్థానపు ఆదేశములతో బాధిత గ్రామములకు రక్షిత మంచినీరు అందింపవలసివచ్చినది. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధికేంద్రము పనిచేయ నారంభించినది. అయినను 2007లో ప్రకటింపబడిన ఒక స్వీడన్ పరిశోధనలో, ఆ కేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలినది. భూమిలోనికి విడిచినది భూమిలోనే ఉండునని, ఒకనాడు మన బిందెలోనికి వచ్చునని ఇది మొదటి పాఠము. పచ్చికపై చల్లు కలుపుమందునకును ఈ న్యాయమే వర్తించును.

రెండవ పాఠము అదే పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ నేర్పినది. ఎర్రనేల, నల్లనేల రెండును ఒకే ఆవరణలో లభించు తావు అది. 1976 నుండి అచ్చటి నల్లరేగడిలో ఒక దీర్ఘకాలిక ప్రయోగము నడచినది. నేలను కొద్దిపాటి వాలుతో వెడల్పైన మడులుగా, వాని నడుమ బోదెలుగా తీర్చి, జొన్నలో కందిని అంతరపంటగా వేసిరి. వానకాలమంతయు బీడుంచి పిమ్మట ఒకే పంట వేయు పాతపద్ధతిలో హెక్టారునకు సుమారు ఒక టన్ను గింజలు రాగా, క్రొత్తపద్ధతిలో సుమారు ఐదు టన్నులు వచ్చినవి. పాతపద్ధతిలో ఏటేట హెక్టారునకు ఆరు టన్నులకు పైగా మట్టి కొట్టుకొనిపోగా, క్రొత్తపద్ధతిలో అది రెండు టన్నుల లోపే. వానచినుకును పడినచోటనే నిలిపినచో, వాన ఆధారముగానే నేల ఎంత ఫలించునో దీనివలన తెలియుచున్నది.

మా ప్రతిపాదనలు

మన ఎకరము బీడునంతటిని పచ్చికగా మార్చినచో వేసవిలో దినమునకు సుమారు 20,000 లీటర్లు కావలెను. ఫిబ్రవరి నుండి మే వరకు 120 దినములకు 24 లక్షల లీటర్లు. అడుగంటిన మన గొట్టపుబావి ఈ భారమును మోయజాలదు. కావున కళాశాల సంఘమువారికి మేము సవినయముగా చేయు మనవి ఇది.

మొదటిది: పచ్చిక వలదని మేము అనము. గ్రంథాలయము ముందరి నాలుగు గుంటల నేలలో స్థానికమైన గరికను పెంచిన చాలును. దానికి దినమునకు 2,000 లీటర్లు సరిపోవును. కూర్చుండుటకు, సభలు జరుపుకొనుటకు అది మన గ్రీన్; తక్కినది మన రఫ్.

రెండవది: తక్కిన 36 గుంటలలో సర్కారుతుమ్మను వేరుతో పెకలింపవలెను. వయ్యారిభామను పూత పట్టకముందే, చేతులకు తొడుగులు ధరించి పీకవలెను. తంగేడును, సీతాఫలమును, రేగును ముట్టరాదు.

మూడవది: గడ్డి విత్తనము రాలిన పిమ్మట, కార్తీక మార్గశిరములలో ఒక్కసారి కోయించి, ఆ గడ్డిని చుట్టుప్రక్కల పశువులు గలవారికి ఈయవలెను. ఎండుగడ్డికి నిప్పంటునని, పాములు వచ్చునని పెద్దలకు కలుగు భయము న్యాయమైనదే. దానికై గోడల వెంట, నడకదారుల వెంట మూడు మీటర్ల వెడల్పున గడ్డిని ఎల్లప్పుడు పొట్టిగా కోసి ఉంచిన సరిపోవును.

నాలుగవది: వేయి చదరపు మీటర్ల కప్పుపై, సాలునకు 800 మిల్లీమీటర్ల వానతో, 8 లక్షల లీటర్ల నీరు పడును. మన కప్పుల నీటిని కాలువ గుండ ఈ బీడులో వాలునకు అడ్డముగా త్రవ్విన కందకములలోనికి మళ్లించినచో, అందు చాలభాగము భూమిలోనికి ఇంకును. మన ప్రాంతపు చరిత్ర దృష్ట్యా బావినీటిని ఏటేట పరీక్ష చేయించుటయు అవసరము. ఈ నేలపై ఎట్టి పురుగుమందును, కలుపుమందును వాడరాదు.

ఐదవది: ఈ బీడునకు ఒక దినచర్య పుస్తకము ఉండవలెను. ఏ మొక్క ఎప్పుడు పూచినది, ఏ పక్షి ఎప్పుడు వచ్చినది అని విద్యార్థులే వ్రాయవలెను. పేర్లను రెండు భాషలలోను వ్రాయుదము. తెలుగువారి తంగేడు ఉర్దూవారికి తర్వడ్. మన రేగు వారికి బేర్. మన మోదుగ వారికి పలాస్. సీతాఫలము మాత్రము ఇరువురికిని సీతాఫలమే. ఒకే నేలను రెండు భాషలలో చదువుట మన కళాశాలకు తగిన విద్య.

వచ్చు వేసవిలో ఆ బీడు మరల గోధుమవన్నె దాల్చును. ద్వారమున ప్రవేశించు అతిథికి అది ఎండిన నేలగానే తోచవచ్చును. అప్పుడు గొట్టపుబావి మీట నొక్కి చూడుడు. తరగతిగదుల కుళాయిలలో నీరు వచ్చుచున్నచో, ఆ గోధుమవన్నెయే మన కళాశాలకు శోభ యని మేము విశ్వసించుచున్నాము.