ఇంటి అప్పు: వడ్డీ తగ్గించుకోవడమా, విముక్తి పొందడమా?

వడ్డీ నిషిద్ధమని తెలియని ముస్లిం కుటుంబం ఉండదు. అయినా స్వంత ఇంటి కోసం బ్యాంకు అప్పులో దిగి, నెలనెలా వడ్డీ కడుతూ, లోలోపల బాధపడుతున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయన్నది దాచినా దాగని వాస్తవం. కొందరు తెలియక తీసుకున్నారు, కొందరు తెలిసీ "గత్యంతరం లేదు" అనుకుని తీసుకున్నారు. ఆ నిర్ణయాన్ని విమర్శించడం ఈ పాఠం ఉద్దేశం కాదు. ఇప్పటికే ఆ ఊబిలో ఉన్నవారు జుమా నమాజు తర్వాత ఇమాము గారిని అడిగే ఒక ప్రశ్నను ఇక్కడ పరిశీలిద్దాం: "మా బ్యాంకు 9 శాతం తీసుకుంటోంది. మరో బ్యాంకు 8.25 శాతానికే ఇస్తానంటోంది. అప్పును అక్కడికి మార్చుకోవచ్చా?"

ముందు ధర్మాదేశాన్ని గుర్తు చేసుకుందాం. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా 275 నుండి 281 వరకు గల ఆయతులలో అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి వడ్డీని నిషేధించాడు. మిగిలి ఉన్న వడ్డీని వదిలిపెట్టమని విశ్వాసులను ఆదేశించాడు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వడ్డీ తినేవాణ్ణే కాక, తినిపించేవాణ్ణి, ఆ పత్రం రాసేవాణ్ణి, సాక్షులిద్దరినీ కూడా శపించారని, పాపంలో వారంతా సమానులేనన్నారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. "మేము వడ్డీ తినడం లేదు, కడుతున్నామంతే" అనే సమాధానానికి ఈ హదీసు చోటివ్వదు. హిజ్రీ 10వ యేట అంతిమ హజ్ ప్రసంగంలో ఆయన వడ్డీ బాకీలన్నిటినీ రద్దు చేస్తూ, అన్నిటికంటే ముందు స్వంత బాబాయి హజ్రత్ అబ్బాస్ (రజి)కి రావలసిన వడ్డీని రద్దు చేశారు. ఆనాడు ఆ రద్దు అప్పిచ్చినవారి చేతిలో ఉంది. నేడు మన బ్యాంకు వడ్డీ వదులుకోదు. కనుక అప్పు తీసుకున్నవాని పశ్చాత్తాపానికి రూపం ఒక్కటే: వీలైనంత త్వరగా అసలు తీర్చి ఆ ఒప్పందం నుండి బయటపడటం.

ఇక బ్యాంకు మార్పు సంగతి. తక్కువ శాతానికైనా సరే, కొత్త బ్యాంకుతో కుదుర్చుకునేది కొత్త వడ్డీ ఒప్పందమేనని, కనుక అది తగదని కొందరు ఉలమా చెబుతారు. ఇదివరకే మెడకు చుట్టుకున్న కీడును తగ్గించుకోవడానికే అయితే, రెండు కీడులలో చిన్నదాన్ని ఎన్నుకోవాలన్న ఫిఖ్హ్ సూత్రం కింద అవకాశం ఉందని మరికొందరు అంటారు. మీ పరిస్థితి మొత్తాన్ని విశ్వసనీయుడైన ముఫ్తీ ముందు పెట్టి తెలుసుకోండి. అయితే ఆయన దగ్గరకు వెళ్ళేముందు ఇంట్లో ఒక లెక్క వేసుకోవాలి. ఎందుకంటే "చిన్న కీడు" అనుకున్నది తీరా చూస్తే పెద్ద కీడు కావచ్చు.

ఉదాహరణకు ఒక కుటుంబం 20 లక్షల రూపాయలు 9 శాతం వడ్డీకి 20 యేళ్ళ గడువుతో తీసుకుందనుకుందాం. నెలసరి వాయిదా సుమారు 17,995 రూపాయలు. అయిదేళ్ళలో దాదాపు 10 లక్షల 80 వేలు కట్టారు. అసలు ఎంత తీరింది? 2 లక్షల 26 వేలు మాత్రమే. మిగతా ఎనిమిదిన్నర లక్షలు వడ్డీకే పోయాయి. ఇంకా 17 లక్షల 74 వేల బాకీ, 15 యేళ్ళ గడువు మిగిలి ఉన్నాయి.

ఇప్పుడు రెండో బ్యాంకు ఏజెంటు వచ్చి 8.25 శాతం అంటాడు, మళ్ళీ 20 యేళ్ళకు రాస్తాడు. వాయిదా 15,117కి దిగుతుంది. నెలకు దాదాపు 2,900 మిగులుతుందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కాని పాత అప్పు అలాగే కడితే ఇకమీదట చెల్లించవలసింది 32 లక్షల 39 వేలు, కొత్తదానికి 36 లక్షల 28 వేలు! వడ్డీ శాతం తగ్గింది, కట్టే వడ్డీ మాత్రం 3 లక్షల 89 వేలు పెరిగింది. వడ్డీ బంధంలో మరో అయిదేళ్ళు అదనం. ఈ మార్పును చిన్న కీడు అని ఎవరూ అనలేరు.

అదే బ్యాంకు మారి, గడువు పెంచకుండా, పాత 17,995 వాయిదానే కొనసాగిస్తే 166 నెలల్లో అప్పు తీరుతుంది. సుమారు 2 లక్షల 64 వేలు తగ్గుతుంది. ఇందులోంచి కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము, న్యాయ పరిశీలన ఖర్చు, ఇంటి విలువ కట్టే ఖర్చు, తనఖా పత్రాల స్టాంపు డ్యూటీ తీసివేయాలి. అప్పుతోపాటు అంటగట్టే బీమాను కూడా గమనించండి.

బ్యాంకు మారకుండానే, ఉన్న అప్పుకే నెలకు మరో 3,000 అదనంగా కడితే? అప్పు 15 యేళ్ళకు బదులు 11 యేళ్ళ 3 నెలల్లో తీరిపోతుంది. తగ్గే వడ్డీ సుమారు 4 లక్షల 16 వేలు. కొత్త సంతకం లేదు, కొత్త సాక్షి లేడు, కొత్త ఒప్పందం లేదు. శాతం తగ్గించుకోవడానికి పడే ఆరాటంలో సగం అసలు తగ్గించుకోవడానికి పడితే చాలునని ఈ లెక్క చెబుతోంది.

దీనికి చట్టం కూడా అనుకూలంగానే ఉంది. మారే వడ్డీ (ఫ్లోటింగ్) గృహరుణాన్ని ముందుగా తీర్చే వ్యక్తుల నుండి జరిమానా వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులను ఆదేశించింది. స్థిర వడ్డీ అప్పులకైతే ఒప్పంద పత్రం చదువుకోవాలి. వడ్డీ శాతం పెరిగినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్న ఎంపిక అప్పు తీసుకున్నవారికే ఇవ్వాలని 2023 ఆగస్టులో మరో ఉత్తర్వు వచ్చింది. మనం అడగకపోతే గడువు పెరిగిపోతుంది, ఆ సంగతి చాలామంది గమనించరు. 2019 అక్టోబరుకు ముందు తీసుకున్న బ్యాంకు అప్పులు పాత పద్ధతిలోనే ఉండిపోయి ఉంటే, కొద్ది రుసుముతో అదే బ్యాంకులో రెపో రేటుతో ముడిపడిన పద్ధతికి మార్చమని కోరవచ్చు. ఇది ఉన్న భారాన్ని తగ్గించమని అడగడమే కనుక, వేరే బ్యాంకు గడప తొక్కడానికి ముందు ఈ తలుపు తట్టడం మంచిది.

ఏజెంటు చెప్పే మరో మాట "టాప్ అప్". మార్పుతోపాటు పెళ్ళికో, కారుకో మరో అయిదు లక్షలు ఇస్తామంటాడు. ఇందులో పండితుల అభిప్రాయభేదానికి కూడా తావు లేదు. ఇది పాత కీడు తగ్గించుకోవడం కాదు, కొత్త వడ్డీ అప్పు. అలాగే "అప్పు తీర్చేస్తే ఆదాయపు పన్ను రాయితీ పోతుంది" అనే సలహా. పాత పన్ను విధానంలో 20 శాతం పన్ను కట్టేవారికి వంద రూపాయల వడ్డీపై ఇరవై మిగులుతుంది. ఆ ఇరవై కోసం ఎనభై పోగొట్టుకోవడం ఏ బేరమో వారే చెప్పాలి.

మరి అసలు తీర్చడానికి డబ్బు ఎక్కడిది? ముందు మన ఇంట్లోనే వెతకాలి. ఒకవైపు బ్యాంకులో డిపాజిట్ ఉంచి, మరోవైపు అదే బ్యాంకుకు వడ్డీ కడుతున్న ఇళ్ళున్నాయి. ఆ డిపాజిట్‌లోని అసలుతో అప్పు తగ్గించాలి (దానిపై వచ్చిన వడ్డీని ఏం చేయాలో ముఫ్తీ గారిని అడగాలి). గల్ఫ్‌లో ఉన్న కుమారుడు పంపే సొమ్ముతో మరో ప్లాటు కొనే ముందు ఈ ఇంటిని విడిపించవచ్చు. భార్య నగలు, మహర్ ఆమె స్వంత ఆస్తి. ఆమె మనస్ఫూర్తిగా ఇస్తే తప్ప భర్త వాటిపై చేయి వేయరాదు. అప్పుగా ఇస్తే అది నిజమైన అప్పే, తిరిగి ఇవ్వవలసిందే. అన్నదమ్ములు, బంధువులు తలా కొంత ఖర్జె హసనా ఇవ్వగలిగితే అంతకు మించిన మార్పిడి మరొకటి లేదు. అయితే బంధువు కదా అని నోటిమాటతో సరిపెట్టకండి. అప్పును గడువుతో సహా రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని బఖరా 282వ ఆయతు వివరంగా నేర్పుతోంది. ఖర్జె హసనా తీసుకుని తిరిగి ఇవ్వకపోవడం వల్లనే మన సమాజంలో ఇచ్చే చేతులు ముడుచుకుపోయాయి. మూడు దీనార్ల అప్పు మిగిల్చి చనిపోయిన వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (సఅసం) వెనుకాడారని, హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తన మీద వేసుకున్నాకే చేయించారని బుఖారీలో ఉంది. వడ్డీ లేని అప్పు తేలికైన అప్పు కాదు.

ఉద్యోగం పోయి, లేదా ఇంటిపెద్ద మంచం పట్టి వాయిదాలు కట్టలేని కుటుంబం సంగతి వేరు. 90 రోజులు బకాయిపడితే బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీగా పరిగణిస్తుంది. ఆపై 2002 నాటి సర్ఫాయెసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకోగలదు. అలాంటివారు నోటీసు వచ్చేదాకా ఆగకుండా ముందే బ్యాంకుకు వెళ్ళి, గడువు పెంచి వాయిదా తగ్గించమని అడగాలి. వారికి అది దురాశ కాదు, తలదాచుకునే చోటు కాపాడుకోవడం. ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి వ్యవధి ఇవ్వమన్న 280వ ఆయతును ఆ కుటుంబం బంధువులు, మహల్లా వారు కూడా గుర్తుంచుకోవాలి.

చివరి వాయిదా కట్టిన రోజున బ్యాంకు నుండి బాకీ లేదన్న లేఖ తీసుకోండి. ఇంటి అసలు పత్రాలను 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలని, తన వల్ల ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని 2023 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు. తనఖా రిజిస్టరై ఉంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రద్దు చేయించి, కొత్తగా ఈసీ తీయించి, అందులో ఇల్లు ఏ బాకీ లేకుండా నమోదైందో లేదో కళ్ళారా చూసుకోవాలి.