పోటీ పరీక్షల ప్రత్యేకం: తెలుగు అచ్చు అక్షరం – చెన్నై పాత్ర

గ్రూప్స్, డీఎస్సీ అభ్యర్థులు సంవత్సరం – స్థలం – వ్యక్తి వరుసలో గుర్తుంచుకోవాల్సిన అంశాలివి.

• 1726లో మద్రాసు వచ్చిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ ఇక్కడే తెలుగు నేర్చుకున్నాడు. ఆయన తెలుగు పుస్తకాలు జర్మనీలోని హాలేలో 1746–47లో అచ్చయ్యాయి.
• 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిలో ఫ్రెంచివారి నుంచి స్వాధీనం చేసుకున్న ముద్రణ యంత్రం మద్రాసులోని వేపేరి మిషన్‌కు చేరింది.
• 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల ఏర్పడింది. ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో ఆ కళాశాల ముద్రణాలయంలోనే అచ్చయింది. ద్రావిడ భాషలు ప్రత్యేక కుటుంబమని చెప్పిన ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ వ్యాసం ఆ వ్యాకరణంలోనిదే.
• 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు మద్రాసులో ముద్రణాలయం స్థాపించారు.
• 1914లో ఆంధ్రపత్రిక బొంబాయి నుంచి మద్రాసుకు తరలింది.
• చెన్నైలో స్థిరపడిన బాపు చేతిరాత తర్వాత కంప్యూటర్ ఫాంటుగానూ వచ్చింది.

తెలుగు అచ్చు ఎందుకు కష్టం?
తెలుగులో గుణింతపు గుర్తులు పైన, ఒత్తులు కింద చేరతాయి. అందుకే సీసపు అచ్చులకు ఎక్కువ దిమ్మలు కావలసివచ్చేవి. కంప్యూటర్లోనూ అంతే: ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం.

మాదిరి ప్రశ్నలు
1. ఎల్లిస్ వ్యాసం ఏ గ్రంథంలో వెలువడింది? జ: క్యాంబెల్ వ్యాకరణం
2. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన స్థానాలెన్ని? జ: 128